లాభం, రెండు, మూడు

మా ఇంటి హాలు పొడవు పద్నాలుగు అడుగులు, వెడల్పు పదకొండు. సోఫాను బాల్కనీ తలుపు వైపు జరిపి, టీవీ బల్లను గోడకు ఆనిస్తే మధ్యలో పన్నెండు అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు ఖాళీ మిగులుతుంది. తొంభై ఆరు చదరపు అడుగులు. అయిదేళ్ల పిల్ల కాళ్లు చాపుకుని, పక్కపిల్ల జడ చేతికి అందనంత దూరంలో కూర్చోవాలంటే పన్నెండు చదరపు అడుగులు కావాలి. అంటే ఎనిమిది మంది పడతారు. ఎండాకాలం సెలవులకు పిల్లల్ని ఏం చేయాలో తెలియడం లేదని బిల్డింగులో తల్లులు మెట్ల మీద మాట్లాడుకుంటుంటే విని, మార్చిలోనే టేపు పెట్టి కొలిచి ఈ లెక్క రాసి ఉంచాను. నన్ను ఎవరూ అడగలేదు.

అడిగింది ఏప్రిల్ చివరలో, మా మరదలు.

సీతాఫల్‌మండిలో రెండో అంతస్తు ఫ్లాటు మాది. మాది అంటే తమ్ముడిది. తమ్ముడు, మరదలు, వాళ్ల అయిదేళ్ల పాప, నేను ఉంటాం. పెళ్లయిన మూడేళ్లకు, ఇరవై నాలుగో ఏట నేను పుట్టింటికి తిరిగి వచ్చేశాను. ఇప్పుడు నలభై తొమ్మిది. వాళ్లిద్దరూ ఉద్యోగాలకు వెళతారు. వంట, పాప నా వంతు. మరదలికి ఆ మే నెలలో రెండు వారాలు ఇంటి నుంచే పని చేసుకునే వీలు దొరికింది.

"బయట క్యాంపులన్నీ ఫుల్లయినయట వదినా. మనింట్లనే షురూ చేద్దామా? బిల్డింగుల అయిదుగురు పిల్లలున్నరు. మా ఆఫీసామె బిడ్డ లాలాగూడ నుంచి వస్తది. మన పాప. రోజుకో థీమ్ పెట్టుకుందాం. ఒకరోజు సముద్రం, ఒకరోజు డైనోసార్లు, ఒకరోజు స్పేస్."

"రోజుకొకటి మారిస్తే పిల్లలకు ఏదీ ఒంటబట్టదు. పది రోజులకు ఒక్కటే పెట్టు," అన్నాను.

"ఏం పెడదాం మరి?"

"అంగడి."

"అంగడా? కూరగాయలు అమ్మిపిస్తవా పిల్లలతోని?"

"కొలిపిస్త. అమ్ముడు కొనుడు ఎవరికైనా వస్తది. కొలుచుడే రాదు."

ఆమె నవ్వింది. కానీ డైనోసార్లకు థర్మోకోల్ కత్తిరించడం, సముద్రానికి గోడంతా నీలం కాగితం అంటించడం తన మీద పడుతుందని ఆ నవ్వులోనే గుర్తుకొచ్చినట్టుంది. "సరే, నువ్వే చూస్కో," అంది. వంటింటి గుమ్మం దాకా వెళ్లి, ఆగి, మరో మాట అంది. "ఇది మంచిగైతే జూన్ నుంచి సాయంత్రాలు పిల్లలకు మ్యాథ్స్ సుత నువ్వే చెప్పొచ్చు. మనింట్లనే. వాళ్ల తల్లులు ఎప్పటి నుంచో అడుగుతున్నరు."

ఆమె ఆ మాట తేలిగ్గా అంది. నేను తేలిగ్గా తీసుకోలేకపోయాను. బిల్డింగులో అందరూ లెక్కల మనిషినని నన్ను వాడుకునేవారే. మోటారు ఎన్ని నిమిషాలు నడిస్తే పైట్యాంకు నిండుతుందో, ట్యాంకర్ నీళ్లు పన్నెండు ఇళ్లకు ఎన్ని రోజులు వస్తాయో నన్నే అడుగుతారు. కానీ అక్కా, వదినా, అత్తమ్మా అనే పిలుస్తారు. నా పిలుపులన్నీ చుట్టరికాలే. నా తెలివికి ఒక పిలుపు ఉంటే బాగుండునని నాకు చాలా ఏళ్లుగా ఉంది. టీచర్ అని.

నేను ఆరో తరగతి పాసై ఆగిపోయాను. లెక్కలు బడిలో నేర్చుకున్నవి కావు. మా నాయన సికింద్రాబాద్‌లో ఒక ధాన్యం కొట్టులో కొలిచే మనిషి. బడి మానేశాక మధ్యాహ్నాలు నన్ను అక్కడ బస్తాల మీద కూర్చోబెట్టేవాడు. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. అంతా రెట్టింపుల మెట్లే. చిన్న గిద్దెతో మొదలుపెట్టి అరవై నాలుగు పోస్తే కుంచం నిండుతుంది. అది నాకు ఎవరూ చెప్పలేదు, కూర్చున్న చోటే కట్టుకున్నాను. తర్వాత పాత పుస్తకాల దుకాణంలో పదో తరగతి దాకా లెక్కల పుస్తకాలు కొనుక్కుని, ఒక్కో లెక్కా నాకు నేనే చేసుకున్నాను.

కొలిచే మనిషి లెక్క మామూలు లెక్కలా ఉండదు. మొదటి కొలతను ఒకటి అనడు, లాభం అంటాడు. లెక్క లాభంతో మొదలవ్వాలని. తర్వాత రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. ఆ తర్వాతి అంకె పలకడు. అందులో ఏడుపు వినిపిస్తుందని. దాన్ని ఆరున్నొకటి అంటాడు. మళ్లీ ఎనిమిది, తొమ్మిది, మామూలే. మా నాయన రోజంతా పాట పాడినట్టు అలా లెక్కపెట్టేవాడు. నేనూ అలాగే నేర్చుకున్నాను. ఇప్పటికీ బియ్యం పోస్తే నా నోటికి అదే వస్తుంది.

క్యాంపుకు నేను కట్టిన ప్రణాళిక గురించి కొంచెం చెప్పాలి, తర్వాత దానికి జరిగినది తెలియడానికి. రోజుకు రెండున్నర గంటలు, నూట యాభై నిమిషాలు. పిల్లలు ఒక పని మీద ఎంతసేపు నిలుస్తారో ఎవరి మాటా నమ్మకుండా పాపను గోడ గడియారం ముందు పెట్టి చూశాను. పూసలు గుచ్చితే పద్నాలుగు నిమిషాలు, బొమ్మ గీస్తే పదకొండు, కథ వింటే పదకొండు. సగటు పన్నెండు. అందుకని పన్నెండు నిమిషాల పని, మూడు నిమిషాల విడుపు. అలాంటివి పది. ఆరో విడుపులో నిమ్మకాయ నీళ్లు, ఎందుకంటే అప్పటికి ఎండ బాల్కనీ దాటి హాల్లోకి వస్తుంది. బాత్రూం ఒక్కటే కాబట్టి ఎవరు ఏ విడుపులో వెళ్లాలో వరుస. శనగలు ముక్కులో దూర్చుకుంటే ఇరుక్కుపోతాయని తీసేసి చింతగింజలు పెట్టాను. అవి చింతపండు నుంచి తీసి, కడిగి, ఎండబెట్టడానికి వారం పట్టింది. నాయన ఇత్తడి సోల అటక మీద నుంచి దింపి, బియ్యం డబ్బాలోని గిద్దెతో పాటు చింతపండుతో తోమాను. తవ్వ, మానిక లేవు. ఆ కొలతలకు సరిపోయే స్టీలు డబ్బాలు నీళ్లు పోసి చూసి ఎంచాను.

మొదటి రోజు పిల్లలు వరుసగా వచ్చారు. మా పాపతో కలిపి ఆరున్నొకరు. ఎనిమిదో పన్నెండు చదరపు అడుగుల్లో నేను కూర్చున్నాను.

అమ్మేవాళ్లు, కొనేవాళ్లు, కొలిచేవాళ్లు. ఒకరి జొన్నలకు మరొకరి చింతగింజలు. పెసలకు బియ్యం. పన్నెండు నిమిషాలకోసారి పాత్రలు మారతాయి. మొదటి రెండు రోజులు అందరూ అమ్మేవాళ్లే అవుతామన్నారు. మూడో రోజు నుంచి అందరికీ కొలవడమే కావలసి వచ్చింది. సోల అంచు దాకా గింజలు పోసి, అరచేత్తో పైన చదును చేసి, ఒక్క గింజ కింద పడకుండా బోర్లించడంలో ఉన్న సుఖం వాళ్లకు దొరికింది. లాలాగూడ నుంచి వచ్చే పిల్ల రెండు రోజులు నోరు విప్పలేదు. మూడో రోజు నా పక్కకు జరిగి, నా కొంగు పట్టుకుని, "టీచర్, నేను కొలుస్త," అంది.

ఎవరు నేర్పారో తెలియదు. మిగతావాళ్లూ అందుకున్నారు. మా పాప కూడా మధ్యాహ్నం దాకా టీచర్ అని, అన్నం దగ్గర అత్తమ్మా అనేది.

కొలిచేటప్పుడు నేను లెక్కపెట్టాను. నోటికొచ్చిన లెక్కే పెట్టాను. వాళ్లు అదే పట్టుకున్నారు. నాలుగో రోజుకు హాలంతా ఒకే గొంతు. లాభం, రెండు, మూడు. లాభం దగ్గర అరుపు, ఆరున్నొకటి దగ్గర నవ్వు. పడకగదిలో మరదలు ల్యాప్‌టాప్ ముందు నుంచి తలుపు సందులో తల పెట్టి, "వదినా, జెర మెల్లగా. మీటింగుల ఉన్న. మా మేనేజర్ ఏం లాభమని అడుగుతుండు," అనేది. సాయంత్రం తమ్ముడు వచ్చి చెప్పులు విప్పుతూ, "ఏందక్కా, మెట్ల మీదికెళ్లి ఇనవడుతుంది. నాయిన మళ్లొచ్చిండా ఇంట్లకు?" అన్నాడు.

ఆరున్నొకటి ఎందుకని ఒక పిల్లవాడు అడిగాడు. అంకెలన్నింటిలో అది ఒక్కటే ఏడుస్తుంది కాబట్టి దాని పేరు పిలవకూడదని చెప్పాను. ఆ వివరణ వాళ్లకు పూర్తిగా సరిపోయింది.

పదో రోజు తల్లిదండ్రులు వచ్చారు. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు గిద్దెలు పోసి సోల నింపారు, సోలలతో తవ్వ, తవ్వలతో మానిక. మా పాప చివర్లో నిలబడి, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది అంటూ అరవై నాలుగు దాకా రెట్టింపులు చెప్పింది. అందరూ ఫోన్లు ఎత్తి వీడియోలు తీశారు. లాభం అన్నప్పుడల్లా నవ్వారు. పై అంతస్తు ఆమె, "మా అత్తగారు గిట్లనే కొలిచేది. ఎన్నేండ్లయింది ఈ మాట ఇని," అంది. మరదలు ఆ వీడియో తన ఆఫీసువాళ్లకు పంపింది. ఆ హాల్లో ఆ రోజు చదువుకున్న పెద్దవాళ్లు పదకొండు మంది ఉన్నారు. అందులో ఒక్కరూ, పిల్లలకు ఒకటి, ఏడు కూడా గుర్తు చేయండి అనలేదు. నేనూ అనుకోలేదు. ఆ రోజు అందరికీ అది ముచ్చట.

జూన్ మొదటి వారంలో పాపను కొత్త బడికి తీసుకెళ్లారు. పాత బడి యూకేజీ వరకే. కొత్తది కొంచెం పేరున్న బడి. ఒకటో తరగతికి తీసుకునే ముందు పిల్లను కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు అడుగుతారు. నేను వెళ్లలేదు. జరిగింది మధ్యాహ్నం ఇంటికి రాగానే మరదలు నిలబడే చెప్పింది, చేతిలో బ్యాగు కూడా దించకుండా.

అక్కడి మేడమ్ రంగులు, ఆకారాలు అడిగింది. చెప్పింది. ఇంగ్లీషులో పద్యం చెప్పమంది. చెప్పింది. తర్వాత ఒక గిన్నెలో పది చెక్కపూసలు పోసి, ఇంకో గిన్నెలోకి ఒక్కొక్కటీ వేస్తూ తెలుగులో లెక్కపెట్టమంది. ఒక గిన్నె నుంచి ఇంకో గిన్నెలోకి. మా పాపకు అది పరీక్ష కాదు, అంగడి.

"లాభం," అంది.

"మొదటిది ఏంటమ్మా?"

"లాభం."

"ఒకటి రాదా నాన్నా నీకు?"

"ఒకటి అనొద్దు మేడమ్. లాభం అనాలె."

మేడమ్ సరే కానివ్వమంది. పాప ఆరు దాకా వెళ్లి ఆరున్నొకటి అంది. మేడమ్ మళ్లీ ఆపింది. ఆరు తర్వాత ఏమొస్తుందని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ పాప అదే చెప్పింది. ఏడు తెలియదా అని అడిగితే, "ఆ పేరు పిలవద్దు. అది ఏడుస్తది," అంది. మేడమ్ నవ్వి, పాప బుగ్గ నిమిరి, కాగితం మీద ఒక వరుస రాసింది. అంకెలు క్రమంలో రావడం లేదు, ఇంకో ఏడాది తమ దగ్గరే యూకేజీలో ఉంటే మంచిది అని.

"ఆ మేడమ్‌కు చెప్పలేకపోయినవా, ఇది కొలిచేటోళ్ల లెక్క అని?" అన్నాను.

"నాకే తెల్వదు వదినా. నీ పాటనుకున్న. నేనేం చెప్పాలె అక్కడ? మా ఆడబిడ్డ ధాన్యం కొలిచేదని చెప్పాల్నా?"

"పాపకు లెక్క వచ్చు. అరవై నాలుగు దాకా రెట్టింపులు చెప్తది. ఆ ఈడు పిల్ల ఎవ్వరూ చెప్పరు. అది అడగలేదా వాళ్లు?"

"వాళ్లు రెట్టింపులు అడగరు. వాళ్లు ఒకటి అడుగుతరు. మా పిల్లకు ఒకటి రాదు."

తమ్ముడు ఫోనులో ఏదో చూస్తూ కూర్చున్నాడు. "పోనీలే, చిన్నపిల్ల. నాయిన ఉంటే నవ్వెటోడు," అన్నాడు.

"నువ్వు సుత నవ్వు. మీ ఇంటి లెక్కనే కద," అంది మరదలు. తర్వాత నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "ఇగ పాపకు నువ్వు ఏం నేర్పకు వదినా. తిండి చూస్కో, చాలు," అంది. గొంతు తగ్గించకపోతే బాగుండేది.

ఆ తర్వాత చాలా రోజులు నేను లెక్క వేసుకున్నాను. నర్సరీ, ఎల్కేజీ, యూకేజీ. మూడేళ్లు పాప ఒకటి, రెండు, మూడు అని బడిలో అరిచింది. నా దగ్గర అంగడి ఆడింది ఇరవై అయిదు గంటలు. ఆ మూడేళ్లను నా ఇరవై అయిదు గంటలు గెలిచాయి. నేను ఎంత మంచి టీచర్‌నో ఇంతకంటే రుజువు ఎవరూ చూపలేరు. ఆ రుజువుతోనే నా పని పోయింది.

తప్పు నాది కాదని చెప్పడం లేదు. చింతగింజ ఎంత లావుండాలో చూసుకున్నాను, నిమ్మకాయ నీళ్లకు ఎండ ఎప్పుడొస్తుందో చూసుకున్నాను. నా నోటిలో నుంచి ఏం వస్తుందో చూసుకోలేదు. నా పుస్తకంలో రాసుకున్నవే సరిచూశాను. అది రాసుకోవలసినదని తోచలేదు. పది రోజులకు పదిహేను వందల నిమిషాలు. ఇది కొలిచేటప్పుడు మాత్రమే, బడిలో ఒకటి అనాలి అని చెప్పడానికి నాలుగు సెకన్లు చాలు. ఆ నాలుగు సెకన్లకు నా దగ్గర చోటు లేకపోయింది.

అయితే పదకొండు మంది నవ్విన ఆ మధ్యాహ్నం కూడా నాకు గుర్తుంది. వీడియోలు వాళ్ల ఫోన్లలో ఇంకా ఉండే ఉంటాయి.

సాయంత్రం మ్యాథ్స్ మొదలైంది, జూలైలో. మా హాల్లోనే, ఎందుకంటే బిల్డింగులో మాదే పెద్ద హాలు. చెప్పేది మల్కాజ్‌గిరి నుంచి బస్సులో వచ్చే ఒక అమ్మాయి. బీఈడీ చేసింది. మంచి పిల్ల, గొంతు పెంచదు. మొదటి రోజు రాగానే మరదలు ఇచ్చిన ఒక చార్టు గోడకు అంటించింది. కంప్యూటర్లో కొట్టి, పైన ప్లాస్టిక్ కాగితం వేయించి ఉంది. పన్నెండు నిమిషాల పని, మూడు నిమిషాల విడుపు. బాత్రూం వరుస కూడా ఉంది. ఆరో విడుపులో నిమ్మకాయ నీళ్లు కూడా ఉన్నాయి, సాయంత్రం హాల్లోకి ఎండ రాకపోయినా.

"ఈ టైమింగ్స్ ఎవరు పెట్టిన్రో గానీ చాలా బాగున్నయి మేడమ్," అంది ఆ అమ్మాయి మరదలితో. "పిల్లలు అస్సలు విసుక్కుంటలేరు."

"నెట్‌ల దొరికినయి," అంది మరదలు.

నేను అప్పుడు నిమ్మకాయ నీళ్ల ట్రే పట్టుకుని గుమ్మంలో ఉన్నాను. మరదలు నన్ను చూసింది, నేను ఆమెను చూశాను. గ్లాసులు ఆరు, ఇంకొకటి. ట్రే బల్ల మీద పెట్టి వచ్చేశాను. ఆ అమ్మాయి "థాంక్స్ ఆంటీ" అంది. లాలాగూడ పిల్ల కూడా వస్తోంది. ఆమె కూడా థాంక్స్ ఆంటీ అంది. బల్ల మీద నాయన ఇత్తడి సోల ఉంది. అందులో స్కెచ్ పెన్నులు నిలబెట్టారు.

గిద్దె మాత్రం వంటింట్లో నా దగ్గరే ఉంది. బియ్యం డబ్బాలో ఉంటుంది కాబట్టి ఎవరికీ గుర్తు రాలేదు.

మొన్న ఆదివారం మరదలి పుట్టింటివాళ్లు భోజనానికి వచ్చారు. మాతో కలిపి ఎనిమిది మంది. మనిషికో గిద్దె చొప్పున బియ్యం పోయాలి. పాప వచ్చి వంటింటి గట్టు పక్కన స్టూలెక్కి కూర్చుంది. నేను గిద్దె నింపి, అరచేత్తో చదును చేసి, గిన్నెలో బోర్లించాను.

"లాభం," అన్నాను.

పాప నా మోచెయ్యి పట్టుకుంది. గుమ్మం వైపు ఒకసారి చూసి, "అత్తమ్మా, ఒకటి అనాలె. మమ్మీ ఇంటే నిన్నంటది," అంది.

అయిదేళ్ల పిల్ల నన్ను కాపాడుతోంది. ఒకటి అన్నాను. రెండు, మూడు, నాలుగు. పాప నాతో పాటు పెదవులు కదుపుతోంది. ఐదు, ఆరు. చెయ్యి డబ్బాలో ఆగిపోయింది.

"ఏడు," అంది పాప మెల్లగా. "అను. ఏం గాదు. నేను రోజు అంటున్న బడిల."

నేను అనలేదు. గిద్దె పోశానో, పోయలేదో కూడా తెలియలేదు. గిన్నెలో ఉన్నవి ఆరో, ఆ పైదో అర్థం కాలేదు. పాపను అడిగితే, "నేను నీ మొహం చూస్తున్న, లెక్క చూడలే," అంది. ముప్పై ఏళ్లకు పైగా బియ్యం కొలుస్తున్నాను. నా లెక్క తప్పడం అదే మొదటిసారి. హాల్లో మరదలు తల్లి నవ్వుతూ ఏదో అంటోంది. అన్నం చాలకపోతే మళ్లీ మాట నా మీదకే వస్తుంది.

గిన్నెలోని బియ్యమంతా డబ్బాలోకి తిరగబోశాను. గిద్దె నింపి, చదును చేసి, పాప వైపు చూశాను.

"ఒకటి," అన్నాను. పాప తల ఊపింది.